ఎక్కడికని అడిగినందుకు

ఆ సినిమా విడుదలైన రోజున తవుడిని టెక్కలిలో మార్నింగ్ షోకి తీసుకెళ్ళింది నేనే. "వద్దు ఇందుమతీ, జనంలోకి అతన్ని తిప్పకు" అని మా ప్రయోగశాల డైరెక్టరు భానోజీగారు చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు. ఒక మనిషి మీద సినిమా తీసి, ఊరంతటికీ చూపించి, ఆ మనిషికి మాత్రం చూపించకపోవడం ఏం న్యాయం అనుకున్నాను. నా న్యాయాలు ఎప్పుడూ అలాగే తగలడతాయి.

సినిమా పేరు 'అరవై ఎనిమిదేళ్ళు లేటు'. పోస్టరు మీద మోకాళ్ళ పైకి పంచె కట్టిన హీరో నెత్తిన ఉప్పు గంపతో ఎస్కలేటర్ మీద చతికిలబడి ఉన్నాడు. అతని వెనక పాతికమంది ఒకరి మీద ఒకరు బోర్లా పడి ఉన్నారు. తవుడు ఆ పోస్టరు ముందు కాసేపు నిలబడ్డాడు.

"ఆడు నానేటి?"

"నువ్వే."

"నాకన్నా తెలుపున్నాడు," అని మాత్రం అన్నాడు.

హాలు నిండిపోయింది. వెయ్యి కళ్ళల్లో ఒక్కటి కూడా అతన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టే వీలు మేం ఎవరికీ ఇవ్వలేదు మరి. పత్రికల వాళ్ళకి ముఖం చూపించలేదు, పేరు చెప్పలేదు. పేరు బయటికొస్తే కేసులొస్తాయని భానోజీగారి భయం. సినిమా వాళ్ళకి మాత్రం నా నోటుపుస్తకం ఇచ్చాం. ఈ కాలంలోకి వచ్చాక తవుడు చేసిన వింత పనులన్నీ అందులో నేను రాసుకున్నాను. పేర్లు మార్చుకోమని వాళ్ళకి చెప్పడం మర్చిపోయాను. ఆ మరుపే తర్వాత మేలు చేసింది.

తెర మీద పోలీసు ఇన్‌స్పెక్టరు హీరోని పేరడిగాడు. "తవుడండి." "పిల్లలా?" "ఒక్కర్తే కూతురండి, నూకాలు." ఇన్‌స్పెక్టరు కానిస్టేబుల్ వైపు తిరిగి, "తవుడు దొరికింది, నూకలు దొరికాయి. బియ్యం ఏదిరా?" అన్నాడు. హాలు ఘొల్లుమంది. నా పక్కన తవుడు కూడా పొట్ట పట్టుకుని నవ్వాడు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో, దక్కిన బిడ్డని చేటెడు తవుడుకి అమ్మినట్టు నటించి మళ్ళీ ఇంట్లోకి తెచ్చుకునే ఆచారం మా ఉత్తరాంధ్రలో ఉంది. అతని పేరు అలా వచ్చింది. కూతురికేమో నూకాలమ్మ తల్లి పేరు పెట్టుకున్నాడు. "మా ఊల్లో కూడా ఇలాగే ఎక్కిరించీవోలమ్మా," అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ.

తర్వాత ఆటోవాడు వచ్చి హీరోని "ఎక్కడికి?" అన్నాడు. హీరో నడిరోడ్డు మీద దబ్బున కూలబడి, "కాసిన్ని మంచినీళ్ళిప్పించండి" అన్నాడు. వెనకొస్తున్న బైకు ఆటోని గుద్దింది, పాలవాడు బైకుని గుద్దాడు, పాలక్యానులో కుక్క పడింది. బస్సులో కండక్టరు "ఎక్కడికి?" అన్నాడు, హీరో ఫుట్‌బోర్డు మీద కూలబడ్డాడు. పెళ్ళిలో వియ్యపురాలు అడిగింది, పీటల మీద పెళ్ళికొడుకు ఒళ్ళోనే కూలబడ్డాడు. మొత్తం పదమూడు సార్లు. జనం ఈలలు వేశారు. నాలుగోసారి నుంచి తవుడు నవ్వడం మానేశాడు.

ఆ కూర్చోవడం నేను రాసి ఇచ్చిందే. ఎవరైనా "ఎక్కడికి" అంటే చాలు, తవుడు ఉన్నచోటే ఒక్క క్షణం కూర్చునేవాడు. గుక్కెడు నీళ్ళు తాగి లేచేవాడు. అతనితో బయటికెళ్ళేటప్పుడు నా సంచిలో నీళ్ళ సీసా పెట్టుకోవడం నాకు అలవాటైపోయింది. బయల్దేరిన మనిషిని ఎక్కడికని అడిగితే అపశకునమని, 'దూరమా?' అనో 'ఎందాకా?' అనో అడగాలని మా నాయనమ్మ కూడా చెప్పేది. అందుకని దాని గురించి ఆలోచించలేదు. 'నవ్వొచ్చే సంగతులు' అనే పేజీలో మొదటి అంశంగా రాసి, కింద గీత కూడా గీశాను.

సినిమా అయ్యాక మెట్లు దిగుతున్నాం. ఆటోలవాళ్ళు చుట్టుముట్టారు. "ఎక్కడికి సార్?" అన్నాడు ఒకడు.

తవుడు హాలు మెట్ల మీద కూర్చున్నాడు.

జనం ఘొల్లుమన్నారు. "భలే దించేశాడ్రా హీరోని!" అంటూ చప్పట్లు కొట్టారు. ఫోన్లు పైకి లేచాయి. నేను వణుకుతున్న చేతుల్తో సీసా మూత తీసి ఇచ్చాను. తవుడు తల వంచుకుని గుక్కెడు తాగి, లేచి, "పద అమ్మా," అన్నాడు.

*

మా ప్రయోగశాల నౌపడకి ఇవతల, సముద్రపు ఒడ్డున, పాడుబడిన ఉప్పుమడులు పూడ్చిన నేల మీద ఉంది. మేం పదకొండేళ్ళు కష్టపడి కట్టినదాన్ని మేమంతా వల అనే పిలుస్తాం. దానికొక పెద్ద పేరుంది కానీ ఆ పేరు కాగితాలకే. వల ఉన్న చోటు మారదు, కాలం మాత్రం మారుతుంది. ఇదే నేల మీద, వెనకటి రోజుల్లో ఏదో ఒక రోజున, కొద్ది సెకన్ల పాటు అది తెరుచుకుని, అక్కడున్న దాన్ని ఇక్కడికి లాగుతుంది. తిరిగి పంపడం దానికి రాదు. చేపని ఒడ్డుకి తెచ్చే వల, ఒడ్డు మీది చేపని సముద్రంలోకి విసరదు కదా.

మొదటి ప్రయత్నానికి గుప్పెడు ఉప్పు చాలనుకున్నాం. 1958 జూన్ నెల, తెల్లవారి ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఆ వేళప్పుడు మడిలో ఎవరుంటారు, గుప్పెడు ఉప్పు పోతే ఎవరికి నష్టం అన్నారు భానోజీగారు. మీట దగ్గర నేనున్నాను. వల తెరుచుకుంది. ఉన్నట్టుండి బరువు చూపించే ముల్లు పైకి లేచింది. అప్పుడు నేను ఆపెయ్యాలి. ఆపలేదు. చాలా ఉప్పు పడిందని సంతోషించాను. వల బరువెక్కితే సంతోషించని జాలరి ఉండడు.

పొగమంచు విడిపోయాక అద్దాల గదిలో పాదాల దాకా ఉప్పునీళ్ళతో, భుజాన పారతో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి దణ్ణం పెట్టి, "మబ్బట్టీసింది బావూ, ఉప్పు కొటారు మీన తాటాకులు కప్పాల," అన్నాడు.

అరవై ఎనిమిదేళ్ళ కిందటి ఆ ఉప్పు కుప్ప ఏనాడో కరిగిపోయిందని అతనికి అర్థమయ్యేసరికి నెల పట్టింది. భార్య అసిరమ్మ చనిపోయిందని పాత రిజిస్టరులో దొరికింది. కూతురు నూకాలు మాత్రం దొరకలేదు. ఊరే లేచిపోయింది. జిల్లాలో ప్రతి నాలుగో వీధిలో ఒక నూకాలు ఉంది, వాళ్ళలో ఎవరి తండ్రీ ఉప్పుమడిలో మాయం కాలేదు. తవుడు రోజూ కూతురి గురించి అడిగేవాడు. "మా గుంట దొరికిందేటమ్మా?" నేను లేదనేదాన్ని. "ఎతకండమ్మా. దానికి నానొక మాట సెప్పాల," అనేవాడు. ఆ మాటేమిటో కూడా నేను అడగలేదు. రీడింగులు తీసుకోవడం వచ్చినంతగా నాకు మనుషుల్ని అడగడం రాదు.

*

సినిమా నుంచి జీపులో వస్తున్నాం. టెక్కలి దాటాక తవుడు అడిగాడు.

"ఆ కూకోడం సంగతి సినిమావోలకి ఎవురు సెప్పినారమ్మా?"

"నేనే."

"నవ్వొచ్చీలాగున్నాదేటి?"

నాకు సిగ్గేసింది. "ఎందుకు కూర్చుంటావు తవుడూ?" అన్నాను చివరికి. ఆరు నెలల్లో మొదటిసారి.

"ఆ దినం తెల్లారీసరికి మబ్బట్టీసింది. మడిలో ఉప్పున్నాది. వానొస్తే అంతా నీరైపోద్ది. పార అట్టుకుని గబగబా గుమ్మం దాటినాను. మా గుంట ఆకిట్లో కూకుని గవ్వలాడుకుంటంది. ఏడేల్లది. 'అయ్యా, ఎక్కడికెల్తన్నావు?' అనీసింది. అసిరి దాని నోటి మీన ఒక్కటిచ్చింది. 'ఎల్లీవోడిని ఎక్కడికంటావేటే! మావా, ఒక్కపాలి ఒచ్చి కూకోని, గుక్కెడు నీలు తాగెల్లు' అంది. సెంబు కూడా అట్టుకొచ్చింది. నాను ఇనుకోనేదు. 'ఒచ్చీసి తాగుతాన్లే' అనీసి ఎల్లిపోనాను. గట్టు దాటి మడిలో కాలెట్టినాను. అంతే."

బయటికి చూస్తూ మళ్ళీ అన్నాడు. "అది ఏడస్తా ఉండిపోయింది. ఊరోలు దాన్నే అనుంటారు కాదేటి? నీ నోటి మాట వల్లే మీ అయ్య పోనాడని. దానిది తప్పు కాదు. సిన్నపిల్ల, ఏటి తెలుస్తాది. కూకోకపోడం నా తప్పు. ఆ మాటే దానికి సెప్పాల."

ఆ సాయంత్రం నేను ప్రయోగశాలకి వెళ్ళి ఆ రోజు లాగ్ తెరిచాను. వల తెరిచి ఉన్నది సరిగ్గా నలభై సెకన్లు. ముప్పై ఒకటో సెకను దగ్గర బరువు ఒక్కసారిగా యాభై రెండు కిలోలు పెరిగింది. అంటే తవుడు మడిలో కాలు పెట్టింది అప్పుడే. ఇంకో తొమ్మిది సెకన్లు ఆలస్యంగా వచ్చి ఉంటే వల మూసుకుపోయేది. నా చేతికి గుప్పెడు ఉప్పు వచ్చేది. అతను కొటారు మీద తాటాకులు కప్పుకుని ఇంటికి వెళ్ళి చెంబులో నీళ్ళు తాగేవాడు.

ఒక మనిషి అరుగు మీద కూర్చుని గుక్కెడు నీళ్ళు తాగి లేవడానికి ఎంతసేపు పడుతుంది? నేను కూర్చుని, సీసా తీసి, తాగి, లేచి చూశాను. గడియారం పెట్టుకుని మూడుసార్లు చూశాను. ఎంత తొందరగా తాగినా ఇరవై సెకన్లకి తక్కువ కాలేదు.

శకునాల మీద నాకు నమ్మకం లేదు, ఇప్పటికీ లేదు. కానీ అసిరమ్మ చెప్పింది వినుంటే అతను తన వాళ్ళ దగ్గరే బతికేవాడు. ఆ సంగతి లోకంలో నాకొక్కదానికే తెలుసు. లాగ్ మూసేసి ఇంటికెళ్ళి అన్నం తినకుండా పడుకున్నాను.

*

తొమ్మిదో రోజున గేటు దగ్గర కారు ఆగింది. బరంపురం నంబరు. ఉద్యోగం చేసే వయసున్న అమ్మాయి ఒకతె దిగి, డెబ్భై అయిదేళ్ళ మనిషిని చెయ్యి పట్టి దింపింది. ముసలామె ముగ్గుబుట్టలాంటి తలతో, చేతికర్రతో నా ముందు నిలబడి, మనవరాలి ఫోను నాకు చూపించింది. టెక్కలి హాలు మెట్ల మీద కూర్చుని నీళ్ళు తాగుతున్న తవుడు.

"ఈడు మా అయ్యమ్మా," అంది. "మా అయ్యకి సెవి కింద పుట్టుమచ్చున్నాది. ఈడికీ ఉన్నాది. నా మనవరాలు నవ్వొస్తాదని సూపించింది. ఆ సినిమాలో కూడా తవుడు, నూకాలు అని మా పేర్లే ఉన్నాయంట."

"మీ పేరు?"

"ఇప్పుడు లక్ష్మి. అప్పుడు నూకాలు. మా అయ్య పోనాక మా ఊల్లో అందురూ 'ఎక్కడికి' అని పిలిసీవోరు. 'అదుగో ఎక్కడికి ఒస్తంది, పనికెల్లీవోలు తప్పుకోండి' అనీవోరు. మా అమ్మ సూడలేక పేరు మార్పించీసి, బరంపురంలో మేనత్త కాడికి అంపించీసింది."

మేం పేరు బయటపెట్టి ఉంటే ఈమె ఆరు నెలల ముందే ఈ గేటు ముందు నిలబడేది. అది తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేసింది.

ఆమె ఇంకా చెబుతోంది. "ఆ మాట నానింక నోటంట అన్నేదమ్మా. కొడుకులు బయలెల్లినా అడగనేదు. మా ఆయన గుండె జబ్బోడు. ఒకనాడు తెల్లారకట్ల లేసి సెప్పులేసుకున్నాడు. ఎక్కడికని అడుగుదామని నోటిదాకా వొచ్చింది. మింగీసినాను. రెండు దినాలు ఎతికినారు. రైలుకట్ట పక్కన పడున్నాడు. అడిగుంటే ఎక్కడికెల్లినాడో తెల్దునమ్మా, ఊపిరుండగా దొరుకును."

నేను ఆమె చెయ్యి పట్టుకుని క్వార్టర్స్ వైపు నడిపించాను. తవుడు వరండాలో పార నూరుకుంటున్నాడు. ఇక్కడ దానితో పనిలేకపోయినా తుప్పు పట్టనివ్వడు. తలెత్తి చూసి, పార వదిలేసి లేచాడు. అతనికి ముప్పై నాలుగు, ఆమెకి డెబ్భై అయిదు.

"అమ్మా!" అన్నాడు.

ఆమెలో తన తల్లి పోలిక చూసి పిలిచాడో, కూతుర్ని గుర్తుపట్టి పిలిచాడో నాకు తెలియదు. మన భాషలో ఇద్దరికీ అదే మాట. ఆమె మాత్రం కర్ర జారవిడిచి, మెట్ల మీదే కూలబడి, అతని పాదాలు రెండూ పట్టుకుంది.

"నాను అడిగీసినానయ్యా. తెలక అడిగీసినాను."

"కాదే నూకీ, కాదే. నాను కూకోనేదు. మీ యమ్మ సెంబు అట్టుకొచ్చినా కూకోనేదు. ఆ తప్పు నాది."

"నానడక్కపోతే నువ్వు కూకోవల్సిన పనేటున్నాది?"

తండ్రీ కూతుళ్ళు తప్పు కోసం పోట్లాడుకున్నారు. నాది నాది అని ఇద్దరూ గుంజుకున్నారు. ఆ తప్పు చేసిన నేను ఆ వరండాలో మూడో మనిషిగా నిలబడి ఉన్నాను. మనవరాలు గోడ వైపు తిరిగి ఏడుస్తోంది.

చివరికి నూకాలు నా వైపు తిరిగింది. "సదువుకున్నదానివి నువ్వు సెప్పమ్మా. ఆ దినం మా అయ్య ఒక్కపాలి కూకోని నీలు తాగెల్లుంటే మీకు సిక్కీవోడా, సిక్కడా? మీ కాడ కాయితాల్లో ఉంటాది కదా. నిజం సెప్పు. ఇన్నేల్లు మోసినాను. నిజమైతే మోసుకునే పోతాను, అబద్దమైతే ఇక్కడ దించీసి ఎల్తాను."

తవుడు కూడా నా వైపే చూస్తున్నాడు. అతనికీ అదే కావాలి.

"ఉంది. కాగితం తెస్తాను ఉండండి," అన్నాను.

ఇరవై ఏళ్ళుగా నేను ఒక్క రీడింగు కూడా దిద్దలేదు. నా కింద పనిచేసిన కుర్రాడొకడు ఒక అంకె సర్దినందుకు ఉద్యోగంలోంచి తీయించాను కూడా. ఆ నేనే గదిలోకి వెళ్ళి, తలుపు వేసుకుని, ఆ రోజు లాగ్ తెరిచాను. వల తెరిచింది అన్నచోట ఆరు గంటల పన్నెండు నిమిషాలు తీసేసి నాలుగున్నర అని పెట్టాను. మూసింది అన్నచోట సాయంత్రం అయిదు అని పెట్టాను. అచ్చు తీసి సంతకం చేశాను. చెయ్యి వణకలేదు. హాలు మెట్ల మీద సీసా మూత తీసినప్పుడే వణికింది.

కాగితం మనవరాలికిచ్చాను. ఆ అమ్మాయి చదివింది. "తెల్లారగట్ల నాలుగున్నర నుంచి సాయంత్రం అయిదు వరకు తెరిచే ఉందంట మామ్మా."

"అంటే?" అంది నూకాలు.

"అంటే మీ అయ్య కూర్చున్నా, నీళ్ళు తాగినా, మధ్యాహ్నం దాకా పడుకుని లేచి వెళ్ళినా మాకు చిక్కేవాడే," అన్నాను. "మీరు అడిగినందుకు కాదు. ఆయన కూర్చోనందుకూ కాదు. మా వల్ల పోయాడు. నా చేత్తో నేనే లాగాను. ఆపగలిగీ ఆపలేదు."

చివరి మాటలు మూడూ నిజాలు. వాటి నీడలో ఆ ఒక్క అబద్ధం దాక్కుంది.

నూకాలు ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూసింది. మడిచి జాకెట్లో పెట్టుకుంది. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "పోన్లే తల్లీ, తెలిసి సేసినావేటి," అంది. తవుడు ఆమె తల మీద చెయ్యి వేసి నిమిరాడు. ఆ తెల్లటి తలని ఏడేళ్ళ పిల్ల తలలాగే నిమిరాడు.

టీలు తాగారు. గవ్వల గురించి మాట్లాడుకున్నారు. పొద్దు వాలుతుండగా తవుడు లేచి, కండువా దులిపి భుజాన వేసుకుని, వరండా మెట్టు దిగాడు.

నూకాలు నోరు తెరిచింది, మూసింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ తీసింది.

"అయ్యా," అంది. దగ్గి, సర్దుకుని, మళ్ళీ అంది. "ఎక్కడికెల్తన్నావు?"

అలవాటు కొద్దీ తవుడి మోకాళ్ళు వంగాయి. సగం వంగి ఆగిపోయాడు. నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత నిటారుగా నిలబడి, వెనక్కి తిరిగి నవ్వాడు.

"సముద్రం కాడికెల్తన్నానే నూకీ. ఒస్తావేటి?"

ఆమె కర్ర కూడా తీసుకోలేదు. తండ్రి చెయ్యి పట్టుకుని దిగింది. ఇద్దరూ పాత ఉప్పుమడుల గట్టు మీంచి, ఆమె అడుగుకి అడుగు కలుపుతూ, నెమ్మదిగా వెళ్ళారు. వాళ్ళు కనిపించినంతసేపూ చూశాను.

భానోజీగారికి జరిగింది చెప్పాలని, రాజీనామా కూడా రాసి చేత్తో పట్టుకుని బయల్దేరాను. గేటు దగ్గర కాపలా సోములు సెల్యూట్ కొట్టి, "ఎక్కడికి మేడమ్?" అన్నాడు.

నేను గేటు పక్క దిమ్మ మీద కూర్చున్నాను. "సోములూ, కాసిని మంచినీళ్ళియ్యి," అన్నాను.

అతను కిసుక్కున నవ్వి సీసా అందించాడు. "మీరూ చూసీసినారేటి మేడమ్ ఆ సినిమా? భలే నవ్వొస్తాది కదా!"

చూశానన్నాను. గుక్కెడు తాగాను. నలభై సెకన్లు గడిచేదాకా కూర్చుని, అప్పుడు లేచాను.